బుడగ ఒక్కటీ లేదు, పీఎల్ (లేజర్ పడితే పొర వెలువరించే కాంతి) మాత్రం తగ్గట్లేదు: పొరలు అసలు అంటుకున్నాయా?

గచ్చిబౌలి_ల్యాబ్: సింగిల్ లేయర్ మాలిబ్డినం డైసల్ఫైడ్ మీద సింగిల్ లేయర్ టంగ్‌స్టన్ డైసెలినైడ్‌ను పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) స్టాంపుతో దించాం. మైక్రోస్కోపులో నున్నగా ఉంది. కానీ రెండూ కలిసిన చోట పీఎల్‌లో 750 నానోమీటర్ల పీక్ విడి పొరలో ఎంతుందో అంతే ఉంది. ఏఎఫ్ఎంలో (సూది మొనతో ఎత్తు కొలిచే మైక్రోస్కోపు) పై పొర అంచు దగ్గర మెట్టు 3 నానోమీటర్లు. రెండు పొరల మధ్య మెలిక కోణం తప్పిందా?

రెండోపొర: కోణం కాదండీ. ఈ జంటలో ఎలక్ట్రాన్ ఒక పొరలోకి, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) ఇంకో పొరలోకి వెళ్లిపోతాయి, పీఎల్ పడిపోతుంది. మెలిక ఎంతున్నా ఈ బదిలీ జరుగుతుంది. జరగలేదంటే మధ్యలో ఏదో అడ్డుంది. మెట్టు 0.7 దరిదాపుల్లో రావాలి. మిగతాది ఎక్కువగా పీడీఎంఎస్ వదిలిన సిలికోన్ జిడ్డు, నీరు. (మెట్టు కొలిచేది పొర మీంచి పొరకే కదా? పొరల కింది చిప్ ఆక్సైడ్ మీంచి కొలిస్తే అంకె నమ్మలేం.)

బుడగ లేదని మురిసిపోకండి. శుభ్రమైన పొరలు ఒకదాన్నొకటి లాక్కుంటే మురికి ఒకచోటికి చేరి బుడగవుతుంది, స్క్రీన్‌గార్డ్ కింద గాలి చేరినట్టు. బుడగల మధ్య చదును భాగమే పనికొచ్చే ఇంటర్‌ఫేస్. మీ దాంట్లో మురికి అంతటా సమంగా పరుచుకున్నట్టుంది.

గచ్చిబౌలి_ల్యాబ్: పొర మీంచి పొరకే కొలిచాం. ఈ శాంపిల్‌ను కాపాడుకోవచ్చా?

స్టాంపు_మేస్త్రి: ముందు వాక్యూమ్‌లో 200 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచండి. వేడి ఇంకా పెంచితే సల్ఫర్ ఊడి లోపాలు పెరుగుతాయి, అప్పుడూ పీఎల్ తగ్గుతుంది, అంటుకుందని మోసపోతారు. బుడగలు పుట్టుకొస్తే మంచిదే. తర్వాత ఏఎఫ్ఎం కాంటాక్ట్ మోడ్‌లో సూది మొనతో మురికిని అంచుకు తుడవండి. తక్కువ బలంతో మొదలుపెట్టి, ప్రతి స్కాన్ తర్వాత మెట్టు చూస్తూ కొద్దికొద్దిగా పెంచాలి. మొన వ్యాసార్థం కన్నా స్కాన్ గీతల ఎడం ఎక్కువైతే మధ్యలో చారలు మిగులుతాయి. అంచు మడత పడితే అక్కడితో ఆపేయండి.

కొత్తది చేసేటప్పుడు పీడీఎంఎస్ పొరకు తగలకూడదు. పాలీకార్బొనేట్ ఫిల్మ్‌తో ముందు బోరాన్ నైట్రైడ్‌ను ఎత్తి, దాంతోనే మిగతా రెండూ ఎత్తండి. స్టేజ్ వేడి 110 డిగ్రీలు, స్టాంపు 1–2 డిగ్రీల వాలు. అంటుకునే గీత సెకనుకు మైక్రాన్ చొప్పున పాకాలి. తొందరపడితే మురికి తప్పించుకునే దారి మూసుకుపోతుంది. 180 దగ్గర ఫిల్మ్ కరిగించి వదిలి, క్లోరోఫాంలో కడగండి.

రెండోపొర: మన జులై తేమలో ఇంకొకటి: చిప్‌ను హాట్‌ప్లేట్ మీంచి తీసి పక్కన పెట్టకండి, వేడిగా ఉండగానే స్టాంపు దించండి.