చూసిన క్షణాన్ని మళ్ళీ నటింపజేసి ఫొటో తీయవచ్చా?

ప్రశ్న (బరంపురం):
మొన్న సాయంత్రం బడా బజార్‌లో పూలమ్మే ముసలమ్మ మూర కొలిచి మాల చేతికివ్వగా, కొన్న అమ్మాయి డబ్బు పంపానంటూ ఫోన్ చూపింది. ముసలమ్మ అది చదవలేక, మాల కొసను వదలకుండానే పక్క కొట్టు కుర్రవాడి ముఖంలోకి చూసింది. అప్పుడు నా దగ్గర కెమెరా లేదు. ఆ దృశ్యాన్ని మనుషులను నిలబెట్టి తిరిగి తీస్తే అది అబద్ధమవుతుందా?

జవాబు (పర్లాకిమిడి):
కాదండీ. కెనడా ఛాయాచిత్రకారుడు జెఫ్ వాల్ వీధిలో జాతి ద్వేషంతో ఒకరు మరొకరిని వెక్కిరించడం చూసి, దానిని నటులతో మళ్ళీ చేయించి, 1982లో ‘మిమిక్’గా తీశారు. మన దేశంలో కళాకారిణి పుష్పమాల ఎన్. 1996–98 మధ్య ముంబైలో తానే వేషం కట్టి కథ చెప్పే ఫొటోల వరుసనే రూపొందించారు. మీ చిత్రానికి ప్రాణం ఆ వదలని మాల కొసలో ఉంది. అది సహజంగా కుదిరేవరకు, ఎన్ని సాయంత్రాలు పట్టినా, తీస్తూనే ఉండండి.

జవాబు (రాయగడ):
అయితే ఇది నటింపజేసిన చిత్రమని కింద తప్పక రాయండి. ఆ ముసలమ్మనే అడిగితే, ఆమె పోగొట్టుకునే బేరం సొమ్ము ముందే చెల్లించండి.

ప్రశ్న అడిగినవారు:
అలాగేనండీ, రేపే వెళ్ళి ఆమెను అడుగుతాను.