స్కానింగులో పెద్దగా ఏమీ తేలని నడుము నొప్పి: మనసు వైపు నుంచి చికిత్స ఉందా?

ప్రశ్న (గుంటూరు): మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేస్తున్నాను. మూడేళ్ల నడుము నొప్పికి ఎమ్మారై తీయిస్తే డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) కొద్దిగా ఉబ్బిందన్నారు. సీజనులో లెక్కలు తేలని రోజుల్లో నొప్పి పెరిగి, ఊరికి వెళ్లగానే తగ్గిపోతోంది. అంటే ఇది నా భ్రమేనా?

జవాబు (విజయవాడ, ఫిజియోథెరపిస్టు): భ్రమ కాదండీ, నొప్పి పూర్తిగా నిజమే. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవారిలోనూ సుమారు 30 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంటుందని 2015 నాటి సమీక్ష ఒకటి తేల్చింది. గాయం మానినా మెదడు ప్రమాద సంకేతాన్ని ఆపకపోవచ్చు. భయపడి కదలడం మానేస్తే, ఆ సంకేతం మరింత బలపడుతుంది. అయితే కాళ్లలో బలం తగ్గినా, మూత్రంపై పట్టు తప్పినా, జ్వరం వచ్చినా, అకారణంగా బరువు తగ్గినా వెంటనే వైద్యునికి చూపించాలి.

జవాబు (విజయవాడ, మరొకరు): 2021లో వెలువడిన కొలరాడో (అమెరికా) అధ్యయనంలో, నొప్పిని ప్రమాదంగా భావించకుండా మెదడుకు నేర్పే నాలుగు వారాల చికిత్స తరువాత 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది, మామూలు వైద్యంలో అది 10 శాతమే. పాల్గొన్నవారు 151 మందే కనుక అందరికీ ఇలాగే జరుగుతుందని అనుకోకూడదు. నేనైతే నడుము నొప్పి వల్ల వంగడమంటే భయపడేవాణ్ణి. రోజుకు కొంచెం చొప్పున వంగుతూ ఆ భయాన్ని పోగొట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. రేపటి నుంచి నొప్పితో పాటు ఆ రోజు పడిన ఆందోళన కూడా రాసిపెట్టి, వైద్యునికి చూపిస్తాను.