ఫ్రాక్టల్‌కు తెలుగు మాట: "భిన్నం" చాలదు, "సాదృశ్యం" కుదరదు. "తుత్తునియ" అంటే?

ఒక సైన్సు పాఠం తెలుగు చేస్తూ వారం రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట ఫ్రాక్టల్: ఎంత దగ్గరికి వెళ్లి చూసినా కొత్త విరుగుళ్లతో అంతే గరుకుగా కనబడే ఆకారం. మొదట "స్వయంసాదృశ్య ఆకృతి" అని రాశాను. ముక్క మొత్తాన్ని పోలి ఉంటుంది కాబట్టి సరిపోయిందనే అనుకున్నాను. చదివి చూడమని ఒక అమ్మాయికి పంపితే ఒకటే ప్రశ్న అడిగింది: "సరళరేఖలో ఏ ముక్క తీసుకున్నా మొత్తం రేఖలాగే ఉంటుంది కదక్కా, మరి అదీ ఫ్రాక్టలేనా?"

కాదు. సరళరేఖ ఫ్రాక్టల్ కాదు. అంటే నేను పెట్టిన పేరు ఫ్రాక్టల్ కానివాటికి కూడా అతుకుతోంది. కాబట్టి నా మాట తప్పు. అప్పటి నుంచి తవ్వుతున్నాను. తేలినంత ఇక్కడ పెడుతున్నాను, మీరూ ఓ చెయ్యి వేయండి.

ఈ పేరు 1975లో గణితజ్ఞుడు బెన్వా మాండెల్‌బ్రాట్ పెట్టింది. కొడుకు లాటిన్ నిఘంటువు తిరగేస్తుంటే "ఫ్రాక్టస్" అనే మాట కంటబడిందట. విరిగిన, ముక్కలైన అని దానికి అర్థం. ఎముక విరిగినప్పుడు డాక్టర్లు అనే ఫ్రాక్చర్, లెక్కల్లో ఫ్రాక్షన్, రెండూ ఆ ధాతువు పిల్లలే. గమనించండి, ఆయన పోలిక అనే అర్థమున్న మాటను ఏరుకోలేదు, విరగడాన్ని పట్టుకున్నారు.

ఎందుకని? సముద్రతీరం సంగతి చూస్తే తెలుస్తుంది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త దేశాల సరిహద్దుల పొడవులు సేకరించి పోల్చి చూశారు. స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఉన్న సరిహద్దు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, ఇంకో లెక్కలో 1,214. ఇందులో ఎవరో ఒకరు తప్పు కొలిచి ఉండాలనేమీ లేదు. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ అంతకుముందు దాటేసిన వంపులు కూడా లెక్కలోకి వస్తాయి, పొడవు పెరుగుతూ పోతుంది. 1967లో మాండెల్‌బ్రాట్ ఈ లెక్కల్నే తీసుకుని, బ్రిటన్ తీరం పొడవెంత అనే ప్రశ్నతో ఒక వ్యాసం రాశారు. తీరానికి ఇంత అని ఒక పొడవు చెప్పలేం, ఎంత గరుకుగా ఉందో చెప్పగలం అన్నది అందులోని సారాంశం. బ్రిటన్ పడమటి తీరానికి ఆ గరుకుదనం సుమారు 1.25. ఇక్కడ ముక్క మొత్తానికి నకలేమీ కాదు. ఏ అఖాతమూ దేశం పటంలా ఉండదు. దగ్గర నుంచి చూసినా దూరం నుంచి చూసినా అంతే విరుగుళ్లు, అంతే గరుకు. ఆ పోలిక ఆకారంలో లేదు, విరిగిన తీరులో ఉంది.

ఇది చేత్తో గీసి చూడకపోతే నాకు పట్టుబడేది కాదు. మీరూ గీయండి. కాగితాన్ని అడ్డంగా పెట్టి 27 సెంటీమీటర్ల గీత గీయాలి. దాన్ని మూడు భాగాలు చేసి, నడిమి 9 సెంటీమీటర్లు చెరిపేసి, ఆ చోట 9 సెంటీమీటర్ల గీతలు రెండు గుడిసె కప్పులా నిలబెట్టాలి. ఇప్పుడు నాలుగు గీతలు, మొత్తం 36 సెంటీమీటర్లు. ఆ నాలుగింటికీ మళ్లీ అదే పని చేస్తే 3 సెంటీమీటర్ల ముక్కలు 16, మొత్తం 48. ఇంకోసారి చేస్తే సెంటీమీటరు ముక్కలు 64. నాలుగోసారికి ఒక్కో ముక్క మూడు మిల్లీమీటర్ల చిల్లర, మొత్తం 85 సెంటీమీటర్లు దాటింది. ఆ పైన నా పెన్సిల్ ములుకు గీత కంటే మందమైపోయింది. గణితానికి పెన్సిల్ లేదు, ఆగదు. గీత కాగితం దాటి పోదు గాని దాని పొడవుకు అంతు లేదు. స్వీడన్ గణితజ్ఞుడు హెల్గె ఫాన్ కాఖ్ 1904లో చెప్పిన వక్రం ఇదే.

ఇప్పుడు మితి, అంటే డైమెన్షన్ సంగతి. పైన తీరం గరుకుదనానికి చెప్పిన 1.25 కూడా మితే. గీతను మూడింతలు పెంచితే పాత గీతలు 3 పడతాయి. చదరాన్ని పెంచితే పాత చదరాలు 9, ఘనాన్ని పెంచితే 27. మూడుకు ఒకటో ఘాతం, రెండో ఘాతం, మూడో ఘాతం: మితులు 1, 2, 3. కాఖ్ వక్రాన్ని మూడింతలు పెంచితే పాతవి 4 పడతాయి. మూడుకు ఎన్నో ఘాతం నాలుగు? సుమారు 1.26. గీతకంటే ఎక్కువ, తలం కంటే తక్కువ.

ఇది చూడగానే నా చెయ్యి "భిన్నం" వైపు పోయింది. సంస్కృతంలో "భిన్న" అంటే విరిగినది, చీలినది. అదే మన లెక్కల్లో లవం, హారం ఉన్న భిన్నం అయింది. లాటిన్‌లో విరగడం నుంచి ఫ్రాక్షన్ వచ్చినట్టే, ఇక్కడ భేదించడం నుంచి భిన్నం వచ్చింది. ఎంత చక్కగా కుదిరిందో! అయితే రెండు చిక్కులున్నాయి. మామూలు తెలుగులో "భిన్నంగా" అంటే వేరుగా అని. "భిన్నాకృతి" అంటే ఎవరైనా వేరే ఆకారం అనుకుంటారు. ముక్కముక్కలోనూ అదే తీరు కనబడే వస్తువుకు వేరు అనే అర్థమిచ్చే పేరా? రెండోది లెక్కల చిక్కు. 1.26 అని రాసింది నిజానికి కరణీయ సంఖ్య, లవం హారాలుగా రాయలేం. పైగా కొన్ని ఫ్రాక్టల్‌ల మితి పూర్ణాంకమే. నాలుగు ముఖాల పిరమిడ్‌ను సగానికి కుదించి, ఆ నకళ్లు నాలుగింటిని నాలుగు మూలల్లో పెట్టి, ఇలాగే చేస్తూ పోతే వచ్చే వస్తువు మితి సరిగ్గా 2. అందుకని "భిన్నమితి" కూడా నమ్మదగిన మాట కాదు.

అప్పుడు చిన్నప్పటి ఆమ్రేడిత సంధి గుర్తొచ్చింది. మాటను రెండుసార్లు పలికితే రెండోది ఆమ్రేడితం. చివర చివర కలిసి చిట్టచివర, చెదరు చెదరు కలిసి చెల్లాచెదరు. తునియలు తునియలు కలిసి తుత్తునియలు. తునియ అంటే ముక్క. తుత్తునియలు అంటే ముక్కలు ముక్కలైనది. విరగడం ఉంది, మాట కట్టుబాటులోనే మాట మళ్లీ ఉంది. లాటిన్ మాటలో లేని రెండో సంగతి తెలుగు మాటలో దానంతటదే వచ్చి కూర్చుంది. ఫ్రాక్టల్‌ను "తుత్తునియ" అందామా? ఏకవచనం వాడుకలో లేదని తెలుసు. చెప్పండి.

వ్యాఖ్య: బస్సు, రైలు అన్నట్టు ఫ్రాక్టల్ అనేస్తే పోదాండీ? ఎందుకింత టెన్షన్?

జవాబు: అనొచ్చండీ, నేనూ పాఠమంతా ఫ్రాక్టల్ అనే రాస్తున్నాను. కానీ బస్సుకు అర్థం తెలియక్కర్లేదు, ఎక్కితే చాలు. ఫ్రాక్టల్ ఎక్కడానికి లేదు, ఊహించుకోవాలి. మొదటిసారి వినే పిల్లవాడికి మాటలోంచి ఒక బొమ్మ లేవాలి. తన భాషలో పిలుచుకోవడానికి ఏమీ దొరక్కే కదా మాండెల్‌బ్రాట్ కూడా నిఘంటువు తీసింది.

వ్యాఖ్య: నేను లెక్కల టీచర్ని. బళ్లో సరూప త్రిభుజాలు చెప్తాం. కాబట్టి "స్వసరూపం" అంటే పిల్లలకు వెంటనే అందుతుందమ్మా. సాదృశ్యం అంటే మళ్లీ అర్థం చెప్పాలి.

జవాబు: చాలా మంచి మాట ఇచ్చారు మాస్టారూ. నా సాదృశ్యం తీసేసి ఇదే పెడతాను. కాఖ్ వక్రంలో ముక్కకూ మొత్తానికీ కోణాలు సమానం, కొలతలు ఒకే నిష్పత్తిలో ఉంటాయి, అంటే అచ్చంగా సరూపమే. తీరానికీ మబ్బుకూ మాత్రం ఈ మాట బిగుతైపోతుంది. అక్కడ సగటున పోలిక ఉంటుంది గాని కోణాలు కలవవు. ఆ చోట ఉత్త "పోలిక" అని రాస్తే సరిపోతుందనిపిస్తోంది. గుణానికి స్వసరూపత, వస్తువుకు వేరే పేరు. ఈ రెండూ కలిపేయడమే నేను చేసిన మొదటి తప్పు.

వ్యాఖ్య: "పిండాండమే బ్రహ్మాండం" అని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. ఫ్రాక్టల్ అంటే అదే కదా!

జవాబు: ఆ మాట నాకూ ఇష్టమండీ. చిన్నదానిలో పెద్దది చూడమంటుంది. కానీ ఎంత గరుకు, ఎన్ని ముక్కలు, ఏ నిష్పత్తి అన్నది అందులో లేదు. ఫ్రాక్టల్ ప్రాణమంతా ఆ కొలతలోనే ఉంది. అందుకని ఆ మాటను దాని చోట ఉంచి, ఈ అర్థం దానిమీద మోపకుండా ఉండటమే దానికి మర్యాద అనుకుంటాను.

వ్యాఖ్య: "భగ్నాకృతి" ఎలా ఉంటుంది?

జవాబు: భగ్నం అనగానే భగ్నహృదయం, భగ్నప్రేమ గుర్తొస్తాయి. పాడైపోయిన దాన్ని అన్నట్టుంటుంది. ఇక్కడ పాడైందేమీ లేదు.

వ్యాఖ్య: అక్కా, చెట్లకూ నదులకూ మనకు శాఖోపశాఖలు ఉండనే ఉంది. శాఖలో ఉపశాఖ, మాటలోనే మాట ఉంది. తుత్తునియ దేనికి?

జవాబు: తమ్ముడూ, కొమ్మలు వేసే వాటన్నిటికీ అదే వాడదాం, దాన్ని మించింది లేదు. మొన్న ఫెర్న్ ఆకు ఒకటి కోసి బల్ల మీద పరిచి చూశాను. నడుమ ఒక ఈనె, అటూ ఇటూ పిల్లాకులు, కింద పొడుగ్గా, కొసకు పోయేకొద్దీ పొట్టిగా. ఒక పిల్లాకును తుంచి విడిగా పెడితే అది తల్లి ఆకు బొమ్మే: నడుమ ఈనె, అటూ ఇటూ ఇంకా చిన్నవి. వాటిలో ఒకదాన్ని తుంచితే అంచున నొక్కులు మాత్రం మిగిలాయి, పిల్లాకులు లేవు. భూతద్దం పెడితే ఈనెలు చీలడం కనబడింది, అంతే. మూడు మెట్లు దిగేసరికి ప్రకృతి ఆగింది. ఊపిరితిత్తుల్లో శ్వాసనాళం సుమారు 23 సార్లు రెండేసిగా చీలి గాలి గదుల దగ్గర ఆగుతుంది. అక్కడా అంతు ఉంది. ఎక్కువ ఉపరితలాన్ని కొద్ది చోటులో ఇరికించాలి, ప్రతి మూలకూ గాలి చేరాలి. మళ్లీ మళ్లీ చీలడం ఆ పనికి దొరికిన దారి. కానీ తీరం కొమ్మలు వేయదు, కాఖ్ వక్రమూ వేయదు. వాటినీ కలుపుకునే పేరు కావాలి.

వ్యాఖ్య: తుత్తునియలు అంటే అద్దం భళ్లున పగిలినట్టుందండీ. ఫ్రాక్టల్‌లో క్రమం ఉంటుంది కదా. పగిలిన అద్దంలో క్రమమేముంది?

జవాబు: దీనికి రెండు రోజులు ఆలోచించాను. మీ అభ్యంతరం నిజమే, వాడుకలో ఆ మాటకు క్రమం లేదు. అయితే ఫ్రాక్టస్‌కు కూడా లేదు. అదీ పగిలిన రాయి లాంటి మాటే. క్రమాన్ని ఆ పేరులో పోసింది తర్వాత వచ్చిన గణితం. మాటకు ఆ పని మనమూ చేసి పెట్టొచ్చు. ఆలోచిస్తుంటే ఇంకోటి తట్టింది. తుమురు తుమురు కలిసి తుత్తుమురు అని ఇంకో ఆమ్రేడితం ఉంది, పొడి పొడి అయిపోవడం. జార్జ్ కాంటర్ 1883లో చెప్పిన సమితి ఒకటుంది కదా. గీతలో నడిమి మూడో వంతు తీసేసి, మిగిలిన రెండింట్లోనూ నడిమిది తీసేసి, అలా ఎప్పటికీ తీస్తూనే పోవాలి. చివరికి మిగిలేదాని పొడవు సున్న, బిందువులు మాత్రం లెక్కకు అందనన్ని. మితి సుమారు 0.63. గణితజ్ఞులు దాన్ని ధూళి అనే అంటారు. అది తుత్తుమురు! గీత ముక్కలుగా విరిగి ఇంకా అతుక్కుని ఉంటే తుత్తునియ, అతుకు కూడా పోయి పొడి మిగిలితే తుత్తుమురు. రెండు రకాలకూ రెండు మాటలు మన సంధి సూత్రంలోనే పక్కపక్కన ఉన్నాయి.

వ్యాఖ్య: అమ్మా, తుత్తుమురు ఒప్పుకున్నాను. తుత్తునియ మాత్రం పిల్లల నోటికి తిరుగుతుందో లేదో చూడాలి. "తుత్తునియ గీత" అనండి, పక్కన గీత ఉంటే పట్టు దొరుకుతుంది.

జవాబు: సరే మాస్టారూ. పాఠంలో వాక్యాన్ని ఇలా మార్చాను, తప్పుంటే దిద్దండి: "దగ్గరికి వెళ్లేకొద్దీ కొత్త విరుగుళ్లు కనబడుతూ, ఏ దూరం నుంచి చూసినా అంతే గరుకుగా ఉండే ఆకారాన్ని ఫ్రాక్టల్ అంటారు. కాఖ్ వక్రం ఒక తుత్తునియ గీత. దాని ముక్క దానికి స్వసరూపం." మూడో వాక్యంలో "దాని ముక్క దానికే" అంటే ఇంకా తేటగా ఉంటుందేమో.