కబడ్డీ కోర్టు మూలలు కుదరట్లేదు, ఐమూల కొలతల్లో 40 సెంటీమీటర్ల తేడా

బీపీఈడీ_రెండో_ఏడు:
పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం, పదకొండయింది. 13 × 10 మీటర్ల కోర్టు. నాలుగు వైపులా టేపు పెడితే 13, 10, 13, 10 కచ్చితంగా వస్తున్నాయి. దూరంగా నిలబడి చూస్తే మాత్రం పక్కకి ఒరిగిపోయి ఉంది. ఐమూలగా కొలిస్తే ఒకటి 16.60, ఇంకోటి 16.20. మూల లంబంగా రావాలని 3-4-5 త్రిభుజం పెట్టే గీశాం. మూడుసార్లు చెరిపాం. రేపు పొద్దున క్యాంపుకి పిల్లలొస్తారు. ఎవరైనా చెప్పండి, తల పగిలిపోతోంది.

రైడర్7:
ఏ వయసు పిల్లలు?

సున్నపు_బట్టీ:
అసలు దేంతో గీస్తున్నారో చెప్పలేదు. చవగ్గా వస్తుందని సున్నం సంచి తెచ్చి పోసేస్తుంటారు. కాల్చిన సున్నం గానీ, నీళ్లు కొట్టిన సున్నం గానీ కోర్టులో పోయకూడదు. చెమట తగిలితే చర్మం మండుతుంది, గీరుకుపోయిన మోకాలి మీద పడితే పుండవుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. కబడ్డీలో ముఖం నేలకి తగలని రోజుంటుందా? ఇంటి ముందు వేసే ముగ్గుపిండి వాడండి, అది రాతిపొడి. కాస్త పిండి పాత ఇనప మూతలో వేసి రెండు నీటిచుక్కలు వదలండి, చేతిలో మాత్రం వేసుకోకండి. వేడెక్కితే అది కాల్చిన సున్నమే. వేడెక్కలేదని నమ్మేయకండి, నీళ్లు కొట్టిన సున్నం వేడెక్కదు. కొనేటప్పుడే అడిగి తెచ్చుకోవాలి.

టేపు_మేస్త్రి:
గీతల సంగతికి వద్దాం. ఎదురెదురు భుజాలు సమానం, ఐమూలలు తేడా అంటే మీ కొలతలు తప్పు కాదు, మూల తప్పు. 13 × 10కి రెండు ఐమూలలూ 16.40 రావాలి. మీ లెక్కకి మూల సుమారు ఒకటిన్నర డిగ్రీ ఒరిగింది. మొత్తం చెరపక్కర్లేదు. ఒక చివరి గీతని (10 మీటర్లది) కదపకుండా ఉంచి, అవతలి చివరి గీత మేకులు రెండింటినీ ఆ గీత వెంబడే 33 సెంటీమీటర్లు జరపండి, పొడుగు ఐమూల తగ్గే వైపుకి. మళ్లీ కొలిస్తే రెండూ 16.40 దగ్గరికి వస్తాయి. ఇంతకీ 3-4-5 మీటర్లలో పెట్టారా?

బీపీఈడీ_రెండో_ఏడు:
అడుగుల్లో సార్. 3 అడుగులు, 4 అడుగులు. వెదురు మేకులకి తాడు చుట్టాం.

టేపు_మేస్త్రి:
అదే. నాలుగడుగుల దగ్గర మూడు సెంటీమీటర్లు పోతే కంటికి ఆనదు, 13 మీటర్లకి వెళ్లేసరికి అడుగుకి పైనే పోతుంది. 6-8-10 మీటర్లు పెట్టండి. 30 మీటర్ల టేపులో సున్నా, 24 రెండూ మూల మేకు దగ్గర ఒకరు పట్టుకోవాలి. 6 దగ్గర ఒకరు మొదటి గీత మీద కూర్చోవాలి. 16 దగ్గర పట్టుకుని మూడోవాళ్లు బిగువుగా లాగితే అక్కడే లంబం. వెదురు మేకు వద్దు, లావు వల్ల ఒకసారి లోపలి నుంచి, ఒకసారి బయటి నుంచి కొలిచేస్తారు. ఆరంగుళాల ఇనప మేకులు కొట్టండి. గీత మందం కూడా కోర్టులో భాగమే కాబట్టి కొలత బయటి అంచుకి.

రైడర్7:
వయసు అడిగాను.

బీపీఈడీ_రెండో_ఏడు:
ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. మగపిల్లలు, ఆడపిల్లలు కలిపి.

రైడర్7:
మరి 13 × 10 ఎందుకు? అది మగవాళ్లకి, జూనియర్ బాలురకి. సబ్ జూనియర్లకి 11 × 8. నడిగీత నుంచి బాల్క్ లైన్ 3 మీటర్లు, అక్కణ్ణుంచి బోనస్ గీత 1 మీటరు. ఇరుపక్కలా లాబీ (పక్క పట్టీ) మీటరు చొప్పున. ఐమూల 13.60.

తెలుగు_కూత:
బాల్క్‌ని బాక్ అని కూడా పలుకుతారు. తాకుడు గీత అంటే పోయేదానికి ఈ ఇంగ్లీషెందుకో.

రైడర్7:
తాకడానికి కాదు అది, దాటడానికి. ఎవర్నీ తాకకుండా, అది దాటకుండా వెనక్కొస్తే కూతకెళ్లిన రైడర్ అవుట్. పిల్లలకి తాకుడు గీత అని నేర్పితే కాలి బొటనవేలు ఆనించి వచ్చేస్తారు.

తెలుగు_కూత:
అయితే దాటుగీత అనండి. చెడుగుడు ఆడినప్పుడు ఏ బాల్కూ లేదు.

కొలువు_కబుర్లు:
తమ్ముడూ, క్యాంపులు పెట్టుకుంటూ కోచ్ అవుదామనుకుంటే బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) ఒక్కటే చాలదు. అది బళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడి కొలువుకి. కోచ్ పోస్టుకి పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) డిప్లొమా అడుగుతారు. ఈలోగా ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చేసుకో. బీపీఈడీ, ఎన్ఐఎస్ డిప్లొమా రెండూ ఒకటే అనుకుని ఏళ్లు పోగొట్టుకుంటారు.

బీపీఈడీ_రెండో_ఏడు:
తమ్ముణ్ణి కాదండీ, అమ్మాయిని. డిప్లొమా సంగతి తర్వాత.

టేపు_మేస్త్రి:
11 × 8కి మారితే పాత మూల మేకు ఒక్కటి ఉంచుకుని మిగతావి పీకెయ్యమ్మా. సరిచెయ్యడం కన్నా కొత్తగా గీయడమే తేలిక. నేల వాలుగా ఉంటే టేపు నేల మీద పరవకు, పల్లం వైపు ఎత్తి మట్టసంగా పట్టుకో.

బీపీఈడీ_రెండో_ఏడు:
ఒకటి 13.60, ఇంకోటి 13.62. ఇక చెరపను. థాంక్స్ అందరికీ.

సున్నపు_బట్టీ:
పోసింది సున్నమా, ముగ్గా? ఇంకా చెప్పలేదు.