పేర్ల నమోదు: ట్యాబ్‌లు వైఫైలో నిలవడం లేదు, ఈ రోజే పూర్తి చేయాలి

నమోదు విభాగం, ఉదయం 9:40
అందరికీ నమస్కారం. మన కార్యక్రమానికి వచ్చేవారి పేర్లు ఎక్కించి, హాలు వారికి కుర్చీల సంఖ్య రేపు ఉదయానికల్లా చెప్పవలసి ఉండగా, మా ఇంట్లో ఉన్న ఎనిమిది ట్యాబ్‌లలో ఐదు వైఫైకి కలిసినట్టే కలిసి రెండు నిమిషాల్లో తెగిపోతున్నాయి. సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. బుధవారం వేసుకున్న జాబితాలో మొదటి పనే ఆగిపోయింది కనుక అలంకరణ సంగతి సాయంత్రం చూద్దాం.

వేదిక విభాగం, 9:52
రౌటర్‌ను గది మధ్యకు జరిపి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానళ్లలో రద్దీ తక్కువగా ఉన్నదానికి మార్చి చూడండి.

నమోదు విభాగం, 10:20
రెండూ చేశాను. మార్పు లేదు.

కోశాధికారి, 10:31
ఆ ట్యాబ్‌లు పాతవని పోయిన నెలలోనే చెప్పాను. అప్పుడే అద్దెకు కొత్తవి తెచ్చుకుని ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు.

నమోదు విభాగం, 10:36
అన్నగారూ, గురువారం ఇవే ట్యాబ్‌లు రాత్రి దాకా ఒక్కసారి కూడా తెగలేదు. వారం రోజులుగా ఇల్లంతా ఈ పనికే అప్పగించిన తరువాత ఈ మాట వినడం కష్టంగా ఉంది.

సాంకేతిక విభాగం, 10:50
అక్కా, తెగిపోయిన ట్యాబ్‌లలో ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే సంఖ్య) ఎలా మొదలవుతోందో చూడండి. 169.254 అని ఉంటే, రౌటర్ నుంచి దానికి చిరునామా అందలేదని అర్థం.

నమోదు విభాగం, 10:58
ఐదింటిలోనూ అదే ఉంది. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ పట్టిక (ఏ పరికరానికి ఏ చిరునామా ఇచ్చిందో చూపేది) ఫొటో పంపాను.

సాంకేతిక విభాగం, 11:15
కారణం దొరికింది. ఆ రౌటర్ 192.168.1.100 నుంచి 149 వరకు 50 చిరునామాలనే పంచుతోంది, ఇచ్చిన ప్రతిదాన్నీ 24 గంటలు అట్టే పెడుతోంది. నిన్న సాయంత్రం నృత్య సాధనకు వచ్చిన తల్లిదండ్రులు ఎప్పుడో ఇళ్లకు వెళ్లిపోయినా వారి ఫోన్లకు ఇచ్చిన చిరునామాలు ఇంకా వారి పేరనే ఉండటంతో, మిగిలిన మూడింటిని ఈ ఉదయం మూడు ట్యాబ్‌లు అందుకున్నాయి. రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేస్తే బాగైనట్టు కనిపించవచ్చు గానీ, ఈ సాయంత్రం సాధన మొదలుకాగానే మళ్లీ ఇదే జరుగుతుంది. అందుచేత పరిధిని 20 నుంచి 249 వరకు పెంచి, గడువును రెండు గంటలకు తగ్గించి, అతిథి నెట్‌వర్క్ తెరిచి వచ్చినవారికి దాని పాస్‌వర్డే ఇవ్వండి.

కోశాధికారి, 11:22
తొందరపడి మాట్లాడాను, క్షమించమ్మా. కాగితం మీద రాసిన దరఖాస్తులు నా దగ్గర ఉన్నాయి. నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇక్కడి నుంచే ఎక్కించడం మొదలుపెడతాను.

నమోదు విభాగం, 11:48
ఎనిమిదీ నిలిచాయి అన్నగారూ. మీరు చివరి పేజీ నుంచి వెనక్కి రండి, నేను మొదటి పేజీ నుంచి ఎక్కిస్తాను.

వేదిక విభాగం, 11:55
నేనూ బయలుదేరుతున్నాను, నాకొక ట్యాబ్ అట్టే పెట్టండి.