కడుపుతో ఉన్నప్పుడు టెన్షన్ పడితే బిడ్డకి నిజంగా ఏమైనా అవుతుందా?

ఏడో_నెల:
అందరికీ నమస్తే. బ్యాంకులో పని, మార్చి ఎండింగ్, దానికి తోడు నాన్నకి పక్షవాతం వచ్చి రాజమండ్రిలో ఆసుపత్రిలో ఉన్నారు, రాత్రిళ్లు ఆయన దగ్గర నేనే ఉంటున్నాను, మా ఆయన బెంగళూరులో. రాత్రిళ్లు నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తోంది. స్కానింగ్ బాగుందన్నారు, బీపీ నార్మలే. కానీ ఫోన్ తెరిస్తే చాలు, తల్లి టెన్షన్ పడితే కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోన్ నేరుగా బిడ్డ మెదడుకి వెళ్తుందనే వీడియోలు. మా అత్తయ్య ప్రహ్లాదుడి కథ చెప్పి "నువ్వు ఏడిస్తే లోపల బిడ్డా ఏడుస్తుంది, నవ్వుతూ ఉండు" అంటారు. ఇప్పుడు టెన్షన్ పడుతున్నాననే టెన్షన్ ఒకటి కొత్తగా పట్టుకుంది. ఇందులో నిజమెంత? "పాజిటివ్‌గా ఉండు" అని మాత్రం చెప్పకండి, దండం పెడతాను.

లెక్చరర్_గారు:
డాక్టర్‌ని కాదు, నర్సింగ్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. ముందు ఆ వీడియోల సంగతి. కార్టిసాల్ నేరుగా వెళ్లదు. మధ్యలో మాయ (ప్లాసెంటా) ఉంది, అందులో ఉండే ఒక ఎంజైమ్ తల్లి కార్టిసాల్‌లో చాలా భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది, అందుకే బిడ్డ రక్తంలో అది తల్లిలో ఉన్నదానికంటే చాలా తక్కువ. పైగా కార్టిసాల్ విషమేమీ కాదు. చివరి నెలల్లో ఏ టెన్షనూ లేని తల్లిలో కూడా అది రెండు మూడు రెట్లు పెరుగుతుంది, బిడ్డ ఊపిరితిత్తులు తయారవడానికి ఆ హార్మోన్ కావాలి. నెలలు నిండకుండానే నొప్పులొస్తే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చేది అందుకే.

అలాగని ఏమీ కాదని చెప్పను. తీవ్రమైన ఆందోళన ఉన్నవాళ్లలో మాయలో ఆ ఎంజైమ్ తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ చుట్టుపక్కల వేలమంది తల్లుల్ని గర్భం నుంచీ గమనిస్తూ వచ్చారు, 2002లో వచ్చిన ఫలితాల్లో, గర్భం చివర్లో అందరికంటే ఎక్కువ ఆందోళన ఉన్న 15 శాతం మంది పిల్లలకి నాలుగేళ్లప్పుడు ప్రవర్తన సమస్యలొచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. వీడియోవాళ్లు ఇక్కడ ఆపేస్తారు. రెట్టింపు అంటే సుమారు 5 శాతం 10 అయింది, అంటే అంత ఆందోళన పడ్డ తల్లుల పిల్లల్లో కూడా పది మందిలో తొమ్మిది మంది బాగానే ఉన్నారు.

గోదారి_గట్టు:
మా నాయనమ్మ తొమ్మిది నెలలూ నాట్లు వేసింది, ఆరుగురిని కన్నది, ఎవరికీ ఏమీ కాలేదు. ఈ కాలం వాళ్లకి అన్నీ భయాలే.

లెక్చరర్_గారు:
@గోదారి_గట్టు అన్నా, కష్టం చేయడం వేరు, నిద్రాహారాలు లేని బెంగ వేరు. బతికినవాళ్లనే లెక్కపెడితే అలాగే ఉంటుంది, ఆ రోజుల్లో ఎంతమంది పసిపిల్లలు పోయారో మీ నాయనమ్మనే అడగండి. ఇంకో సంగతి, ఆందోళన పడే తల్లి తన జన్యువులు కూడా బిడ్డకి ఇస్తుంది కదా, దేనివల్ల ఏమైందో తేల్చడం కష్టం. అందుకే కెనడాలో 1998 జనవరి మంచు తుపానుని అంత శ్రద్ధగా పరిశీలించారు. క్యూబెక్‌లో కరెంటు స్తంభాలు కూలిపోయి లక్షలమంది చలిలో చీకట్లో ఉన్నారు, కొందరికి కరెంటు వారాల తరబడి రాలేదు. ఎవరింట్లో ఎన్ని రోజులు పోతుందో జన్యువులు నిర్ణయించవు. అప్పుడు గర్భంతో ఉండి ఎక్కువ ఇబ్బంది పడ్డవాళ్ల పిల్లలకి భాష పరీక్షల్లో సగటు మార్కులు కాస్త తగ్గాయి. తల్లి ఎంత భయపడింది అన్నదానికంటే నిజంగా ఎంత ఇబ్బంది పడింది అన్నదే అక్కడ లెక్కకొచ్చింది. కాబట్టి ఆమెని నవ్వమనడం కాదు, ఆమె మీద బరువు తగ్గించాలి.

శారద_పిన్ని:
అమ్మాయీ, మీ అత్తయ్యగారు ఆ కథ సగమే చెప్పారు. లీలావతి నవ్వుతూ కూర్చోలేదు, మొగుడు తపస్సుకి పోతే ఇంద్రుడు ఆవిణ్ణి ఈడ్చుకుపోయాడు. అడ్డుపడి ఆశ్రమంలో పెట్టుకుని చూసుకున్నది నారదుడు. కనుక మీ ఇంట్లో నారదుడు ఎవరో ముందు తేల్చమను. మీ ఆయన బెంగళూరు నుంచి వచ్చి కొన్నాళ్లు ఇంట్లోంచే పని చేసుకోలేడా?

గైనిక్_పీజీ:
ఏడో_నెల గారూ, రోజంతా దిగులు, నిద్రలేమి, ఏడుపు రెండు వారాలు దాటితే చెకప్‌లో నోరు తెరిచి చెప్పండి. మేం అడగాలి, రద్దీలో చాలాసార్లు అడగం, అది మా తప్పే. పది ప్రశ్నల చిన్న ఫారం ఉంటుంది, అది నింపితే మామూలు దిగులో, వైద్యం కావాల్సిన డిప్రెషనో ఒక అంచనా వస్తుంది. అవసరమైతే కౌన్సెలింగ్, మందులు కూడా ఉన్నాయి, ఎవరైనా ఇప్పటికే మందులు వాడుతుంటే గర్భం అని తెలియగానే సొంతంగా ఆపేయకండి. అర్ధరాత్రి మరీ బెంగగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలనే ఆలోచన వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా చెకప్ తేదీ దాకా ఆగొద్దు. రాత్రి ఆసుపత్రిలో నాన్నగారి దగ్గర పడుకోవడం మాత్రం ఇంకెవరికైనా అప్పగించండి.

ఏడో_నెల:
పది మందిలో తొమ్మిది అన్న లెక్క ఇంతవరకు ఏ వీడియోలోనూ వినలేదు. రాత్రిళ్లకి తమ్ముణ్ణి పంపమని పిన్నికి ఫోన్ చేశా. మా ఆయనకి ఈ పేజీ పంపించాను, చదివాడట, ఇంకా జవాబు లేదు.

శారద_పిన్ని:
రాకపోతే మళ్లీ పంపు.