ఫ్లోరిడాలో అద్దె ఇంటికి కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు, హియరింగ్‌కి వెళ్లాలా?

గుంటూరు_మిర్చి:
అందరికీ నమస్కారం. మేముండేది న్యూజెర్సీలో, ఫ్లోరిడాలో ఒక ఇల్లు కొని అద్దెకిచ్చాం. నిన్న టెనెంట్ ఫోన్ చేసి, కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ వాళ్లు, అంటే ఊళ్లో ఇళ్ల కట్టడం రూల్స్ చూసే ఆఫీసు వాళ్లు, తలుపుకి ఏదో కాగితం అంటించి వెళ్లారని ఫోటో పంపాడు. పర్మిట్ లేకుండా గ్యారేజీని బెడ్‌రూమ్ చేశారు, వచ్చే నెల స్పెషల్ మేజిస్ట్రేట్ ముందు హియరింగ్ అని ఉంది. ఆ గది మేం కట్టించింది కాదండీ, కొన్నప్పుడే అలా ఉంది, అమ్మినవాళ్లు నాలుగు బెడ్‌రూముల ఇల్లని చెప్పే అమ్మారు. పాత ఓనర్ చేసినదానికి మాకు ఫైన్ ఏంటి? ఆ మాట చెబితే వదిలేస్తారా? అసలు వెళ్లకపోతే ఏమవుతుంది? మేమిద్దరం హెచ్1బీ మీద ఉన్నాం, మేజిస్ట్రేట్ అనే మాట చూసిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

టాంపా_బాబాయ్:
ముందు మీ ఆవిడకి ధైర్యం చెప్పండి. ఇది ఫ్లోరిడా చట్టం 162వ అధ్యాయం కింద నడిచే సివిల్ వ్యవహారం, క్రిమినల్ కేసు కాదు, ఎవరూ వచ్చి అరెస్టు చెయ్యరు. స్పెషల్ మేజిస్ట్రేట్ అంటే ఇలాంటి కోడ్ కేసులు వినడానికి సిటీ గానీ కౌంటీ గానీ పెట్టుకున్న మనిషే. కాగితాలన్నీ దాచుకుని మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మాట చెప్పి ఉంచండి, చాలు.

కానీ వెళ్లకుండా మాత్రం ఉండొద్దు. నోటీసు సరిగ్గా ఇచ్చారని తేలితే మీరు లేకుండానే ఆర్డర్ రాసేస్తారు. సరిచెయ్యడానికి అందులో ఇచ్చిన గడువు దాటితే రోజుకి 250 డాలర్ల దాకా ఫైన్ వెయ్యొచ్చు, అదే తప్పు మళ్లీ జరిగితే 500 దాకా, పెద్ద ఊళ్లు దీనికి తమ ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) పెట్టుకుని ఉంటే ఇంకా ఎక్కువే. రోజుకి 250 అంటే వంద రోజులకి 25,000 డాలర్లు. ఆ ఆర్డర్ రికార్డు చేయిస్తే లియన్ అవుతుంది, అంటే ఆ బాకీ ఆస్తి మీద హక్కుగా కూర్చుంటుంది, ఆ ఇంటి మీదే కాదు, మీ పేరున ఉన్న మిగతా ఆస్తి మీదకి కూడా వస్తుంది. ఓనర్ తనే ఉండే హోమ్‌స్టెడ్ ఇంటిని దీనికోసం ఫోర్‌క్లోజ్ చెయ్యలేరు గానీ, మీది అద్దె ఇల్లు కాబట్టి ఆ రక్షణ మీకు లేదు.

పాత ఓనర్ సంగతి చెప్పండి, తప్పులేదు, కానీ దానితో కేసు పోదు. ఇప్పుడు ఇల్లు ఎవరిదో వాళ్లే సరిచెయ్యాలి.

ఓర్లాండో_అక్క:
మా పక్కింటావిడకి తోడుగా ఒక హియరింగ్‌లో కూర్చున్నాను కాబట్టి అక్కడ ఎలా ఉంటుందో చెబుతా. ముందు చెయ్యెత్తి ప్రమాణం చేయిస్తారు, మాట్లాడిందంతా రికార్డు అవుతుంది. కోడ్ ఆఫీసర్ తెర మీద ఫోటోలు వేసింది, ఒక్కో ఫోటో కింద తేదీ, తర్వాత ఆ అడ్రస్‌కి పర్మిట్ ఏదీ లేదని కంప్యూటర్ పేజీ. ఐదు నిమిషాల్లో ఆమె పని అయిపోయింది. మేజిస్ట్రేట్ ఎక్కువ సేపు మాట్లాడింది మాత్రం ఎప్పటికి సరిచేస్తారన్నదాని మీదే. కాంట్రాక్టర్ కాగితం, పర్మిట్ అప్లికేషన్ నంబర్ చేతిలో ఉన్నవాళ్లకి గడువు బాగానే ఇచ్చింది. చేస్తామండీ అని ఊరికే అన్నవాళ్లకి తక్కువ ఇచ్చింది.

ఇంకోటి, ఆర్డర్ నచ్చకపోతే 30 రోజుల్లో సర్క్యూట్ కోర్టుకి వెళ్లొచ్చు, కానీ అక్కడ కేసు మొదటి నుంచి వినరు, ఈ హియరింగ్ రికార్డులో ఉన్నదే చూస్తారు. అందుకని మీ దగ్గరున్న కొన్నప్పటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ఈమెయిళ్లు అన్నీ ఆ రోజే దాఖలు చెయ్యండి. న్యూజెర్సీ నుంచి రావడం కష్టమైతే జూమ్‌లో హాజరు కావచ్చా, మీ తరఫున ఎవరినైనా పంపొచ్చా అని క్లర్క్‌ని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

డ్రైవాల్_అన్న:
కన్‌స్ట్రక్షన్ లైన్‌లో ఉన్నాను. సొంతంగా ఓనర్-బిల్డర్ పర్మిట్ తీసుకుందాం అనుకోకండి, అది మీరుండే ఇంటికే, అద్దెకిచ్చేదానికి కుదరదు. లైసెన్సున్న కాంట్రాక్టర్‌నే పెట్టాలి. రెండు దారులున్నాయి: ఆ గదికి ఇప్పుడు పర్మిట్ తీసుకోవడం, లేదా మళ్లీ గ్యారేజీ చేసెయ్యడం. పర్మిట్ అంటే డ్రాయింగులు, బయటికి దూకేంత కిటికీ, స్మోక్ అలారం, కరెంటు వైరింగ్ అన్నీ చూస్తారు, గోడ లోపల ఏముందో చూడాలంటే డ్రైవాల్ కొంత ఊడదీయిస్తారు కూడా. మన దగ్గర అనుమతి లేనివాటిని డబ్బు కట్టించుకుని రెగ్యులరైజ్ చేసే బీపీఎస్, ఎల్ఆర్ఎస్ వచ్చినట్టు ఏదో ఒక రోజు స్కీమ్ వస్తుంది, డబ్బు కట్టేద్దాం అని ఆగితే ఇక్కడ పని జరగదు. ఆ గదిలో ఎవరైనా పడుకుంటుంటే ముందు వాళ్లని వేరే గదికి మార్చండి. మంటలొస్తే బయటికి దారి లేని గది అది, నాకు ఫైన్ కన్నా అదే పెద్ద విషయం.

గుంటూరు_మిర్చి:
చాలా థ్యాంక్స్ అందరికీ. టెనెంట్ వాళ్ల అబ్బాయి ఆ గదిలోనే పడుకుంటున్నాడట, ఇవాళే హాల్లోకి మారమని చెప్పాను. ఒకటి అడగాలి, ఇదంతా పడలేక ఇల్లు అమ్మేస్తే?

టాంపా_బాబాయ్:
అమ్మొచ్చు, కానీ కేసు నడుస్తుండగా అయితే కొనేవాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పి, నోటీసు కాపీలు ఇవ్వాలి, చేతులు మారాక 5 రోజుల్లో కోడ్ ఆఫీసుకి కొత్త ఓనర్ వివరాలు తెలపాలి. దాస్తే మోసం చేశారనే అనుకుంటారు, కాదని మీరే నిరూపించుకోవాలి.

అమ్మినా ఉంచుకున్నా పని పూర్తయ్యాక ఆఫీసర్‌కి ఫోన్ చేసి రీ-ఇన్‌స్పెక్షన్ పెట్టించుకుని, సరిచేశారని కాగితం తీసుకోండి. గది బాగుచేసినంత మాత్రాన ఫైల్ దానంతటది మూసుకోదు, ఆఫీసర్ వచ్చి చూసి రాసేదాకా వాళ్ల లెక్కలో మీ ఇల్లు తప్పులోనే ఉంటుంది. నోటీసు మీద ఆఫీసర్ పేరు, నంబర్ ఉంటాయి, సోమవారం పొద్దున్నే చెయ్యండి.